మేష్టారు నన్ను బడికి పిలిచిన రోజు

మా ఊరి బడి మేష్టారు పోయారని మొన్న పలాస స్టేషన్ దగ్గర ఆటో అతను చెప్పాడు. ఎనిమిదేళ్లుగా ఆయన మీద నాకు కోపం. పిల్లలందరి ముందు నా పరువు తీశాడని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఎందుకు తీశాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

నాకు జీడి ఫ్యాక్టరీ ఉండేది. పిక్కలు కొట్టే వరుసలో ఆడవాళ్ల పక్కన వాళ్ల పిల్లలూ కూర్చునేవారు. మేష్టారు సెలవు రోజుల్లో సైకిల్ మీద ఫ్యాక్టరీలకు తిరిగి బాలకార్మిక చట్టం చదివి వినిపించేవారు. చదివి ఊరుకునేవారు కాదు. "ఇప్పుడు మీరు సెప్పండి మావా" అనేవారు. తప్పితే మళ్లీ మొదలు. నేను రెండో తరగతితో ఆగినవాణ్ణి, అయినా ఒక్కసారికే ఒప్పజెప్పాను.

"పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పన్లో ఎట్టకూడదు."

"ఇంత బేగి ఒప్పసెప్పినోడు మా బడిలోనే లేడు మావా" అని నవ్వారు.

అప్పుడే అడిగాను. "మరి ఇంటికాడ అమ్మతో కూకుని కొడితే?"

ఆయన నవ్వు ఆగింది. "ఇంట్లోవోళ్లు ఇంట్లో సేసుకుంటే ఈ సట్టం అడ్డురాదు" అన్నారు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు.

మర్నాడే పిక్కల బస్తాలు ఆడవాళ్ల ఇళ్లకు పంపాను. ఫ్యాక్టరీలో పిల్లలెవరూ లేరని గేటుకు బోర్డు కట్టించి, మేష్టారికి కబురు పెట్టాను.

నెల తర్వాత, పిల్లలకు చట్టం చెప్పమని ఆయన నన్ను బడికి పిలిచారు. ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్లాను. బాగానే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"అరసేతులు సూపండర్రా, మావ సూత్తాడు" అన్నారు మేష్టారు.

సగం చేతులు పిక్కల్లోంచి చిమ్మే జీడి సొనకు నల్లబడి, వేళ్ల చివర తోలు లేచి ఉన్నాయి. ముందు వరుసలో ఒక పిల్ల పలక పట్టుకోలేక ఒళ్లో పెట్టుకుంది.

"ఈ పిల్లకి సట్టం ఏటి సెప్తాదో మీరే సెప్పండి మావా."

లేచి వచ్చేశాను.

సిగ్గుపడి ఆపేశాననుకుంటారేమో. లేదు. రోషంతో ఆ వారం ఇంకో రెండు బస్తాలు ఎక్కువ పంపాను. తర్వాత ఎప్పుడు ఎదురైనా ఆయన సైకిల్ దిగి "బాగున్నారా మావా" అనేవారు. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. అయినా ఆయన దిగడం మానలేదు.

ఫ్యాక్టరీ ఇప్పుడు నా కొడుకుది. మేష్టారి కట్టె కాలాక ఇంటికొచ్చి, బస్తాలు ఆపమన్నాను.

"సట్టం ఒప్పుకుంది కదా నాన్నా. నువ్వే కదా సెప్పినావు" అన్నాడు.

నిజమే. నేర్పింది నేనే. అందుకే నా మాట వింటున్న ఇందరి ముందు అడుగుతున్నాను, నాయనా. వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి. బడి తెరిచే రోజు పొద్దుటికల్లా నాకు చెప్పు. ఇళ్లకు బస్తాలు ఆపుతావా, ఆపవా?