తొమ్మిదో డైమండు

మా అమ్మాయి ప్రభువునందు నిద్రించింది అని చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. నిద్రించలేదండీ. చచ్చిపోయింది. నిద్రలో అది ఏనాడూ అంత కదలకుండా పడుకోలేదు. దుప్పటి తన్నేసేది, పక్కన ఎవరుంటే వాళ్లనీ తన్నేది.

ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, రుస్తాఖ్ అనే ఊళ్లో హాస్పిటల్ డ్యూటీ దిగి నలుగురు నర్సులు ఒక కారులో రూమ్‌కి వెళ్తున్నారు. రోడ్డు మీద మేక అడ్డం వచ్చిందట. బండి తిరగబడింది. మిగతా ముగ్గురికి గీతలు పడ్డాయి. మేకకి అవి కూడా లేవు. మా పిల్లకి ఇరవై ఆరేళ్లు.

పాస్టరమ్మగారు నన్ను పక్కకి పిలిచి, "దాని గురించి నాలుగు మంచి మాటలు రాయి, మన పత్రికలో వేద్దాం. తప్పులుంటే నేను దిద్దుతాలే" అన్నారు. నేను ఏడో తరగతి దాకానే చదివాను. తప్పులుంటాయి. కానీ అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను, దిద్దకండి. దిద్దితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మంచి మాటలంటే నాకు కష్టమే. దాని నోరు మంచిది కాదు. పేషెంట్లకి దేవత అని వాళ్ల సిస్టర్లు చెప్పారు. నాకు మాత్రం దేవత కాదు. శుక్రవారం సెలవు పెట్టుకుని అల్ ఖౌద్‌లో నేను పనిచేసే ఇంటికి వచ్చేది. టీ ఇస్తే చల్లారాక గానీ తాగేది కాదు. వేడిగా తాగవే అంటే, "వేడివేడిగా ఇచ్చేవాళ్లు లేక అలవాటైపోయిందిలే" అనేది. మాట్లాడుతూ మాట్లాడుతూ నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ నాడి లెక్కపెట్టేది. పెట్టి, "ఉన్నావులే" అని వదిలేసేది. ప్రతి వారం అదే మాట. అది ముద్దో ఎత్తిపొడుపో నాకు ఏడాది పాటు తెలియలేదు. ఇప్పుడు ఎవర్ని అడగను?

దానికి తొమ్మిదేళ్లప్పుడు నేను ఇక్కడికి వచ్చాను. వచ్చిన తీరు కూడా రాస్తాను, దాచను. ఏజెంటు బండి వీధి చివర నిలబడి ఉంది. అది ఏడిస్తే నేను ఎక్కలేనని, దాని చేతిలో చిల్లర పెట్టి, "కొట్టుకెళ్లి ఆవాలు పట్రా" అని పంపాను. అది వచ్చేసరికి నేను లేను. పొట్లం పట్టుకుని సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుందని మా అమ్మ తర్వాత ఫోన్లో చెప్పింది. రెండేళ్లకోసారి సెలవు మీద వెళ్లేదాన్ని. ఆ నెలరోజులూ నేను ఏ పని చెప్పినా చేసేది, కొట్టుకి మాత్రం వెళ్లేది కాదు.

నర్సు చదివి, ఇరవై ఐదో ఏట అది కూడా ఇక్కడికే వచ్చింది. ఎయిర్‌పోర్టులో నన్ను చూసి నవ్వలేదు, ఏడవలేదు. బ్యాగు జిప్పు తీసి ఆవాల ప్యాకెట్ ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఇదిగో. కొంచెం ఆలస్యమైంది" అంది.

నేను పగలబడి నవ్వాను. అదీ నవ్వింది. ఆ ఆవాలతోనే ఆ రోజు చారుకి పోపు వేశాను. అయిపోయిందనుకున్నాను.

మా మేడమ్ మొరాకో ఆవిడ, ఇక్కడ యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. ఆవిడ తల్లి కూడా మాతోనే ఉంటుంది. నేను పెద్ద మేడమ్ అంటాను. వాళ్లది కొండల్లో ఉండే బెర్బర్ జాతి. పెద్ద మేడమ్ వాళ్ల అమ్మ నేసిన తివాచీ హాల్లో పరిచి ఉంటుంది. తెల్ల ఉన్ని మీద నల్ల గీతలు. రెండేసి గీతలు వంకరగా దిగుతూ, కలుసుకుంటూ, విడిపోతూ, మళ్లీ కలుస్తూ డైమండ్లు గొలుసులాగా వస్తాయి. పదేళ్లుగా దాన్ని దులుపుతున్నాను గానీ ఒక్కనాడూ చూడలేదు. మా పిల్ల వచ్చిన మొదటి శుక్రవారమే దాని మీద బోర్లా పడుకుంది.

"అమ్మా, దీన్ని కుట్టొచ్చు."

"తివాచీ నేస్తారే, కుట్టరు."

"నేను కుడతాను చూడు."

గుండుసూది పట్టుకుని తివాచీలో ముడులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఒక ముడికి గ్రాఫ్ కాగితం మీద ఒక గడి నింపింది. అంచున ఉన్న ఒక్క గొలుసు చాలంది. ఇరవై ఐదు డైమండ్లు గీసి, అన్నిటికీ సరిపోయేలా కొలుచుకుని గళ్ల కాన్వాసు తెచ్చుకుంది. జానెడు వెడల్పున పొడుగాటి పట్టీ. ఒక గడికి ఒక కుట్టు, ఉన్నితో. అలా కుడితే మొదటి డైమండు పొట్టిగా, అణిగిపోయినట్టు వచ్చింది. పెద్ద మేడమ్ చూసి కిసుక్కున నవ్వింది.

"దీని మీద ఎవరు కూర్చున్నారు, బింతీ? మీ అమ్మా?"

బింతీ అంటే నా కూతురా అని. ఆవిడ మా పిల్లని అలాగే పిలిచేది. తివాచీని మడిచి వెనక్కి తిప్పి చూపించింది. ముడుల వరసకీ వరసకీ మధ్య అడ్డంగా ఉత్త దారాలు నేసి ఉన్నాయి. ఆ ఎత్తు మా పిల్ల లెక్కలోకి రాలేదు. కుట్టింది విప్పేసి, ఈసారి మూడు వరసలకి ఒక వరస కలుపుకుంటూ కుట్టింది. డైమండు నిటారుగా నిలబడింది. ఇద్దరూ చేతులు చరుచుకున్నారు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. నాకు కుళ్లు పుట్టిందని రాస్తే మీరేమనుకుంటారో. పుట్టింది.

ఎందుకంటే కుట్టుపని నాది. మాది లేసు అల్లే ఊరు. నా ఏడో ఏట నుంచి లేసు సూది నా చేతిలో ఉంది. మాకు లెక్కే ప్రాణం. ఒక్క అల్లిక తప్పితే మేస్త్రి గుడ్డంతా మొహాన కొట్టేవాడు. మా అమ్మ వేళ్ల మీద కొట్టేది. నా చేతిలోంచి తప్పు రాదు. నా పిల్ల మాత్రం ఎవరి తల్లి దగ్గరో కూర్చుని నేర్చుకుంటోంది.

ఒక రోజు తివాచీలో ఇంకో గొలుసు దగ్గర ఆగిపోయింది. అక్కడ గీతలు కలవలేదు. చెయ్యెడు దూరం వేటికవే దిగి, ఆ తర్వాత కలిశాయి. ఇది తప్పా అని పెద్ద మేడమ్‌ని అడిగింది. ఆవిడ అరబ్బీలో చాలాసేపు చెప్పింది. ఆవిడ అరబ్బీ నాకు సగమే తెలుస్తుంది. మా పిల్ల హాస్పిటల్లో నేర్చుకుంది, దానికి బాగా వచ్చు. వింటూ వింటూ పెన్సిల్ కింద పెట్టేసింది.

"ఏమందే?" అన్నాను.

"ఏం లేదులే. నల్ల ఊలు అయిపోయిందట."

నేను నమ్మాను.

వారం వారం కుట్టి పదో డైమండు సగం దాకా వచ్చింది. కాన్వాసు నా గదిలోనే వదిలి వెళ్లేది. సూది గుడ్డకే గుచ్చి వదిలేది. తుప్పు పడుతుందే, మరక పడుతుందే అని ఎన్నిసార్లు తిట్టానో. ఆ వారం సూది తీద్దామని గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. తొమ్మిదో డైమండు మూసుకోలేదు. గీతలు దగ్గరికి వచ్చినట్టే వచ్చి దూరం పోయాయి. పదోదీ అలాగే. డ్యూటీ చేసి అలిసిపోయి కుట్టింది, లెక్క తప్పిందనుకున్నాను. పిచ్చిదానికి సాయం చేద్దామనుకున్నాను. చిన్న కత్తెరతో ఆ ఒకటిన్నర డైమండూ విప్పేశాను. రెండు మధ్యాహ్నాలు కూర్చుని లెక్క ప్రకారం మళ్లీ కుట్టాను. ఎక్కడ కలవాలో అక్కడ కలిపాను. చూసుకుని మురిసిపోయాను.

శుక్రవారం వచ్చింది. గుడ్డ విప్పి చూసింది.

"ఎవరు ముట్టుకున్నారిది?"

"నేనే. చూడు ఎంత బాగుందో! తొమ్మిదో దాంట్లో లెక్క తప్పేవు. నిద్రమొహంతో కుడితే అలాగే ఉంటుంది."

"తీసిన ఊలేది?"

"ముక్కలైపోయింది. చెత్తలో వేసేశాను."

అది లేచి వెళ్లి చెత్తబుట్ట చూసింది. ఖాళీగా ఉంది. వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఎన్నో దాని దగ్గర విడిపోయాయమ్మా గీతలు?"

"తొమ్మిదో దాని దగ్గర."

"తొమ్మిదో ఏట నేను ఏం తేవడానికెళ్లాను?"

నేను గుడ్డ మడత పెట్టబోయాను. అది లాక్కుంది.

"పదహారేళ్లు నాకేం జరిగిందో నువ్వు చూళ్లేదు. నోటితో చెబితే ఏడుస్తావని చెప్పలేదు. ఒక్క గుడ్డ మీద కుట్టుకున్నాను. అది కూడా విప్పి చెత్తలో వేసేసేవు. నీట్‌గా ఉంది. ఏమీ జరగనట్టే ఉంది. తీసుకెళ్లి చర్చిలో చూపించుకో."

అప్పుడైనా నేను ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు.

"నేను రాకపోతే నిన్ను చదివించేదెవరే? తాగి కాలవలో పడిన మీ నాన్నా? తల్లిని నిలబెట్టి లెక్కలు అడుగుతున్నావ్, ఆ తెల్లబట్టలు ఎవరి రెక్కల కష్టం?" అన్నాను. ఇంకా అన్నాను. అవి రాయను.

అది సూది తీసి, గుడ్డ అడుగున ఖాళీ అంచులో గుచ్చింది. బ్యాగు తగిలించుకుంది. ఆ రోజు నా చెయ్యి పట్టుకోలేదు. నేను ఉన్నానో లేదో చూడలేదు.

శనివారం నేను ఫోన్ చేయలేదు. అదే చేయాలి, నేను తల్లిని అనుకున్నాను. ఆదివారం అదీ చేయలేదు. సోమవారమూ అంతే. మంగళవారం ఫోన్ మోగింది. దాని నంబరే. చూశావా, దిగొచ్చింది అనుకుని, రెండు రింగులు బెట్టుగా వదిలేసి ఎత్తాను. దాని ఫోన్లోంచి మాట్లాడింది వేరే సిస్టరు.

ఒకే విమానంలో వెళ్లాం. నేను పైన, అది పెట్టెలో కింద. భోజనం ఏం కావాలని ఒక అమ్మాయి నవ్వుతూ అడిగింది, నేనూ ఏదో చెప్పాను, తిన్నాను. తిన్నానండీ. మట్టి చేసేటప్పుడు వెనకనుంచి మా వాళ్లలో ఎవరో, "పెంచింది అమ్మమ్మ, గుండెలు బాదుకునేది ఈవిడ" అన్నారు. తిరిగి చూడలేదు. ఇరవై రోజులకి మళ్లీ పనిలోకి వచ్చేశాను.

దాని రూమ్ వాళ్లు సామాను ఒక అట్టపెట్టెలో తెచ్చి ఇచ్చారు. బైబిల్లో ఆ గ్రాఫ్ కాగితం మడిచి ఉంది. తొమ్మిదో డైమండు పక్కన పెన్సిల్‌తో చిన్నగా "ఆవాలు" అని రాసుకుంది. అక్కడినుంచి ముందు గీసింది చెరిపేసి, గీతలు విడివిడిగా దించింది. కిందికి, కిందికి చూసుకుంటూ వెళ్లాను. ఇరవై ఐదో దాని దగ్గర కలిశాయి. అక్కడ "ఎయిర్‌పోర్టు" అని రాసి ఉంది.

కాగితం పట్టుకుని హాల్లోకి వెళ్లాను. పెద్ద మేడమ్ చూసి, ఆ రోజు మా పిల్లకి చెప్పింది మళ్లీ చెప్పింది, మేడమ్ పక్కన కూర్చుని నాకు హిందీలో విప్పి చెప్పారు. ఊలు అయిపోవడం కాదు. వాళ్లమ్మ ఆ చోటు నేస్తున్నప్పుడు రెండేళ్ల కొడుకు పోయాడు. గీతలు కలపబుద్ధి కాలేదట. నెలలు గడిచాక కలిపిందట.

"ఇది ఎవరూ దిద్దలేదా?" అన్నాను.

పెద్ద మేడమ్ తివాచీ మీద ఆ చోట వేలు పెట్టింది. "తల్లి నేసింది కదా. ఎవరు దిద్దుతారు?" అంది. లోపలికెళ్లి కత్తెర తెచ్చి నా ఒళ్లో పడేసింది. ఓదార్చలేదు.

నేను కుట్టిందంతా విప్పాను. ఇప్పుడు మధ్యాహ్నం వాళ్లు పడుకున్నాక కూర్చుని, కాగితం చూసి, అది కుట్టినట్టు కుడుతున్నాను. నా చెయ్యి వినదు. మరిచిపోతే చాలు, గీతల్ని దగ్గరికి లాగేస్తుంది. విప్పి మళ్లీ దూరంగా కుడతాను. పన్నెండో దాని దాకా వచ్చాను. లేసు అల్లిన దాన్ని కదా, మిగిలిన గుడ్డ వేళ్లతో కొలిచాను. వరసలు కలుపుకుంటూ కుట్టడం వల్ల ఇరవై ఐదు పట్టవు. పద్దెనిమిదితో గుడ్డ అయిపోతుంది. గీతలు కలిసే చోటు దాకా గుడ్డ లేదు. అది దానికి తెలుసో, లెక్క చూసుకోలేదో. వేరే ముక్క అతకొచ్చు కదా అని మేడమ్ అన్నారు. అది కొనుక్కున్న గుడ్డ ఇదే. నేను అతకను.

దాని సూది అడుగున ఖాళీ అంచులో అలాగే ఉంది. నేను వేరే సూదితో కుడుతున్నాను. ఇక్కడి ఉప్పుగాలికి అది తుప్పు పట్టింది. చుట్టూ తెల్ల గళ్లలోకి మరక పాకుతోంది, మొదట ఆవగింజంత, ఇప్పుడు రూపాయి బిళ్లంత. నేను పైనుంచి ఒక్కో వరస దాని వైపే దిగుతున్నాను.