సున్నా పాయింట్ ఒకటి

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఆయన్ని వీధిలో అందరూ చెకింగాయన అనేవారు. ఇంట్లోవాళ్లు పైకి అనకపోయినా మనసులో వాళ్లకీ అదే పేరు. వెనక తలుపులోంచి ఎక్కడం, ముందు సీటు దాకా ఒక్కొక్కరి ముఖం చదువుకుంటూ రావడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఆయన్ని చూడగానే ప్రయాణికులు అడక్కముందే టికెట్టు ఎత్తి పట్టుకుని, ముఖం కిటికీ వైపు తిప్పుకునేవారు. అలా తిప్పుకున్న ముఖాలు చూసీ చూసీ, లోకంలో సగం మంది టికెట్టు లేకుండా తిరుగుతున్నారనీ, మిగతా సగం దిగాల్సిన స్టాపు దాటేశారనీ ఆయనకు గట్టి నమ్మకం ఏర్పడిపోయింది.

ఇంటికొచ్చినా ఆ కళ్లు ఊరుకునేవి కావు. భార్య తన అక్కగారింటికి వెళ్లొస్తే, మర్నాడు ఆ వదినగారికి ఫోను చేసి కుశలం అడిగేవాడు. కుశలం వంక మాత్రమే. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ మాటలు బాగా తగ్గించేసింది. అడిగినదానికి జవాబు, అంతే.

ఆ ఇంట్లో ఆయనతో తనంతట తాను కబుర్లు చెప్పే ప్రాణి కూతురొక్కతే. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టేది. ల్యాబులో గాజుగొట్టం ఎవరు పగలగొట్టారు, ఏ లెక్చరరు ఎవర్ని నిలబెట్టాడు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని విననట్టు కూర్చునేవాడు గానీ, ఆమె రావడం కాస్త ఆలస్యమైతే అదే పేపరులో ఒక్క ముక్కా బుర్రకెక్కేది కాదు.

ఒక సాయంత్రం ఆ పిల్ల అంది: "నాన్నా, పదికి మొదటి సెమిస్టర్‌లో ఏడు పాయింట్లు, రెండోదాంట్లో ఎనిమిది. మొత్తం మీద ఏడు పాయింట్ ఆరు. ఈసారి ఎనిమిది పాయింట్ రెండు తెచ్చుకున్నాననుకో, మొత్తం ఏడు పాయింట్ ఎనిమిదికి వస్తుంది. అప్పుడు నాకు కావాల్సిన బ్రాంచికి మారిపోవచ్చు."

"సరేలే" అన్నాడు చెకింగాయన. కానీ పేపరు వెనక బుర్ర అప్పుడే పనిలో పడింది. ఏడూ ఎనిమిదీ పదిహేను, అందులో సగం ఏడున్నర. మరి ఏడు పాయింట్ ఆరు ఎక్కణ్ణించి ఊడిపడింది? ఇంకొకరైతే సున్నా పాయింట్ ఒకటేగా అని వదిలేసేవారు. ఆయనకు మాత్రం అది టికెట్టు కొన్నదానికంటే ఒక స్టాపు ఎక్కువ వెళ్లడమే. పైగా ఇంకా రాయని పరీక్షలో ఎంత రావాలో అంత కచ్చితంగా ఎలా చెప్తోంది? ప్రశ్నపత్రం గానీ చేతికి చిక్కిందా? లేక ఏదో సబ్జెక్టు తప్పి, తండ్రికి కాకిలెక్కలు చెప్తోందా?

అనుమానం పురుగులా తొలిచేసింది. ఆగలేక భార్యతో అన్నాడు.

"మీ అమ్మాయి అంకెలు కలవడం లేదు."

"దాన్నే అడగొచ్చుగా."

"అడిగితే జాగ్రత్తపడుతుంది."

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి ఒళ్లో పెట్టుకుని ఆయన్ని తేరిపార చూసింది. "ఈ ఇంట్లో మీతో నోరారా మాట్లాడేది అదొక్కతే. దాన్నయినా వదిలేయండి."

ఆయన వదల్లేదు. సెలవు దొరికిన రోజున ఎవరికీ చెప్పకుండా కాలేజీ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి గుమస్తా కళ్లజోడు పైకి నెట్టుకుని, "పిల్లల మార్కులు వాళ్లు లేకుండా చెప్పకూడదండీ. అమ్మాయిని పిలిపిస్తాను" అన్నాడు. వద్దనేలోగా అటెండరు వెళ్లనే వెళ్లాడు. కూతురి ముందు ఇలా నిలబడాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు.

ఆ పిల్ల పరుగున వచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. "నాన్నా, అమ్మకేమైనా అయిందా?"

"ఏం కాలేదమ్మా. నీ పాయింట్లు సరిచూసుకోడానికి వచ్చారు, అంతే" అన్నాడు గుమస్తా, కంప్యూటరు వైపు తిరుగుతూ. "చూడండి, మొదటి సెమిస్టర్‌కి పదహారు క్రెడిట్లే. రెండోదానికి ఇరవై నాలుగు. క్రెడిట్లు ఎక్కువున్నదానికి బరువెక్కువ. రెండూ కలిపి సగం చేస్తే కుదరదండీ. ఏడు పాయింట్ ఆరు కరెక్టే. వచ్చేసారి ఎంత కావాలన్నది పిల్లలంతా ముందే లెక్కేసుకుంటారు. అదీ కరెక్టే."

చెకింగాయనకు తల కొట్టేసినట్టయింది. ఖాళీ బస్సునీ కిక్కిరిసిన బస్సునీ ఒకే గాటన కట్టేశాడు తను. "ఏం లేదమ్మా, ఊరికే, ఇటు పనుండి" అని నసిగాడు.

"అడిగితే చెప్పేదాన్ని కదా నాన్నా" అని ఆ పిల్ల క్లాసుకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం చెప్పులు విప్పి నేరుగా లోపలికి నడిచింది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకున్నాడాయన. సర్దుకోలేదు. పేపరు పక్కన పెట్టేసి ఆయనే మాట కలిపేవాడు. "ల్యాబులో ఇవాళ ఎవరూ ఏమీ పగలగొట్టలేదా?"

"లేదు నాన్నా."

అడిగినదానికి జవాబు, అంతే. వాళ్లమ్మ గొంతులాగే ఉండేది అది.

మూడో సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజు ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏమీ అడగకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పిల్ల వచ్చింది, చెప్పులు విప్పింది, ఆయన దగ్గరకొచ్చి ఫోను తెరిచి ఆయన కళ్ల ముందు పెట్టింది. మొత్తం ఏడు పాయింట్ ఎనిమిది. కోరుకున్న బ్రాంచి దొరికినట్టే.

"ఇదంతా నాకెందుకమ్మా, నువ్వు నోటితో చెప్తే చాలదూ" అన్నాడు.

ఆమె చెయ్యి దించలేదు. ఫోను అలాగే ఎత్తి పట్టుకుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుని, ఆయన చూడడం అయ్యేదాకా నిలబడింది.