బ్లాక్ దగ్గర జాగ్రత్త

మా సినిమా హాల్లో మెట్ల కింద టీ కొట్టు నడిపే మనిషిని అందరూ టీ అక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా హాల్లోనే ఉంది కానీ, ఒక్క సినిమా కూడా కూర్చుని చూసిన పాపాన పోలేదు. కొట్టు వెనక గోడ, గోడ అవతల హాలు. సినిమాలన్నీ ఆవిడ చెవులతోనే చూసేది. విలన్ నవ్వు రెండోసారి వినపడితే ఇంటర్వెల్ దగ్గరపడిందని పాలు పొయ్యి మీద పెట్టేది. మొదటి ఆట అవ్వగానే, "ఇది వారం ఆడదు. జనం ఊరికే దగ్గుతున్నారు," అని తేల్చేసేది. ఆవిడ అంచనా తప్పడం నేను చూడలేదు.

నేను ఆ హాల్లో ఆపరేటర్ని. సినిమా వేసేది నేను, ఆపేది నేను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా వాళ్లంటారు. అది నిజమే. పని మాత్రం నాకంటే బాగా చేసేవాడు లేడని కూడా నేనే చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను.

నేను పైనుంచి దిగగానే టీ అక్క, "వచ్చావా?" అనేది. అంతే, ఆ ఒక్క మాటే. అందరికీ గ్లాసు బల్ల మీద పెట్టేది, నాకు మాత్రం చేతికి అందించేది. ఆవిడ కొట్టు పెట్టిన కొత్తలో ఒకసారి ప్రొజెక్టర్ దీపం తగిలి నా వేళ్లు కాలాయి. ఆ వారమంతా గ్లాసుకి గుడ్డ చుట్టి నా చేతిలో పెట్టింది. వేళ్లు మానినా ఆ అలవాటు మానలేదు.

ఆ మధ్య ఒక కుర్ర దర్శకురాలు మా హాలు చుట్టూ తిరిగింది. స్టారు లేడు, ఫైట్లు లేవు, వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. స్నేహితులంతా కలిసి సొంతంగా తీసుకుంటున్న సినిమా. చిన్నప్పుడే విడిపోయిన తల్లిని వెతుక్కుంటూ వెళ్లే కూతురి కథ. ఆ పిల్ల టీ కోసం వచ్చి, అక్క తననీ "వచ్చావా?" అని పలకరించేసరికి అక్కడే నిలబడిపోయిందట. తల్లి వేషం అక్కకే ఇచ్చింది.

"నాకు నటన ఏం తెలుసమ్మా?" అని అక్క మొత్తుకుంది.

"మీరేం నటించొద్దు. నన్ను అడిగినట్టే అడగండి చాలు," అందిట ఆ పిల్ల.

ఇక చూడండి, అక్క కాళ్లు నేల మీద ఆనలేదు. రెండు నెలలపాటు టీ తాగడానికి వచ్చినవాడికల్లా, "చివర్లో వస్తాను, లేచిపోకండేం!" అని చెప్పింది. మేం ఏడిపించేవాళ్లం. "అక్కా, ఇక టీకి కూడా నీ డేట్లు తీసుకోవాలా?" అని నేనంటే, గరిటె చూపించి బెదిరించేది.

విడుదల ముందు గురువారం ఆ పిల్ల సినిమా తెచ్చి నా గదిలో ఇచ్చింది. "మీరు ఒక్కసారి చూడండి సార్," అంది. చూస్తాలే అన్నాను. చూడలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"బ్లాక్ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త సార్. పొరపాటు జరిగేది అక్కడే."

సినిమా హాల్లో పుట్టి పెరిగినవాణ్ణి. బ్లాకంటే నాకు తెలిసింది ఒకటే, గేటు బయట చాటుగా అమ్మే టికెట్లు. నాకు ఒళ్లు మండింది.

"మా హాల్లో బ్లాకనే మాటే లేదమ్మా. నేనుండగా ఎవడికీ అంత ధైర్యం లేదు."

ఆ పిల్ల ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వింది. "అయితే మీరు చూసుకుంటారుగా," అంది. చూసుకుంటానన్నాను. తను వెళ్లాక కిందికి దిగి గేటు దగ్గరి మనిషితో, "దీనికి బ్లాక్ టికెట్లట! ముందు కౌంటర్లో తెగనీ!" అని పడీ పడీ నవ్వాను. తలుచుకుంటే ఇప్పుడు ఆ నవ్వు నాకే చీదరగా ఉంది.

శుక్రవారం మ్యాట్నీకి అక్క తన వాళ్లందరినీ తీసుకొచ్చింది. కూతురు, అల్లుడు, మనవలు, ఆడపడుచు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, మొత్తం పద్నాలుగు మంది. అందరినీ లోపల కూర్చోబెట్టి తను మాత్రం కొట్టు దగ్గరే ఉండిపోయింది. "నన్ను నేను చూసుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఇక్కణ్ణుంచి వింటాలే," అంది.

ఆ సినిమాకి జనం వచ్చారు. ఉదయం ఆటకే సగం నిండింది, మ్యాట్నీకి ఒక్క కుర్చీ ఖాళీ లేదు. నేను పైన నా గదిలో పేపరు చదువుకుంటూ మధ్యమధ్య కిటికీలోంచి తెర వైపు ఓ కన్ను వేసి ఉంచాను. ఆఖర్న కూతురు ఒక ఇంటి ముందు నిలబడి తలుపు కొడుతుంది. తెర నల్లబడింది.

తెర నల్లబడితే మాకు పని మొదలైనట్టు. ఇక వచ్చేది పేర్లే, పేర్లు ఎవడు చదువుతాడు? లైట్లు వెయ్యి, తలుపులు తీయించు, సినిమా ఆపు, జనాన్ని తోలి తర్వాతి ఆటకి సిద్ధమవ్వు. నా గురువు నేర్పింది అదే, ముప్ఫై ఏళ్లుగా నేను చేస్తున్నదీ అదే. చేతికి అలవాటైపోయింది. టక్కున స్విచ్ వేశాను.

జనం కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చారు. "తలుపు కొట్టి అక్కడే ఆపేసింది చూడు, ఏం ముగింపురా!" అని ఒకడంటే, "అమ్మ ఉందో లేదో మనకే వదిలేసింది," అని ఇంకొకడు. అక్క వాళ్లు మాత్రం కొట్టు ముందు బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు.

ఆడపడుచు ఊరుకునే రకం కాదు. "ఏం వదినా, తెర మీద కనపడలేదు, తెర వెనకాల ఉన్నావా ఏంటి?" అంది. అందరూ నవ్వారు. చిన్న మనవరాలు మాత్రం, "అమ్మమ్మ అబద్ధం చెప్పింది," అని ఏడుపు అందుకుంది.

అప్పుడే నేను దిగాను. నోరు మూసుకుని ఉంటే నా సొమ్మేం పోయింది? "ఎడిటింగులో ఎగిరిపోయావక్కా! పెద్ద పెద్ద హీరోయిన్లకే దిక్కు లేదు, నువ్వో లెక్కా?" అన్నాను.

అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే గ్లాసు నా చేతికిచ్చింది.

శనివారం మూడు ఆటలూ నిండాయి. గేటు బయట నిజంగానే బ్లాక్‌లో టికెట్లు అమ్మబోయారు, నేనే వెళ్లి తరిమాను. మాటిచ్చినట్టు బ్లాక్ దగ్గర జాగ్రత్తగా ఉన్నానని మురిసిపోయాను కూడా!

ఆదివారం మ్యాట్నీ అయ్యాక ఫోను మోగింది. ఆ పిల్లే, వేరే ఊళ్లో హాలు నుంచి. గొంతులో సంతోషం పట్టడం లేదు.

"సార్, అన్ని చోట్లా నిండిపోతోంది! ఇక్కడైతే బ్లాక్ తర్వాత తలుపు తెరుచుకుని అక్క కనపడగానే ఒకటే చప్పట్లు. అక్కడ అక్కని జనం వదులుతున్నారా అసలు?"

"ఏ బ్లాక్?" అన్నాను.

"అదే సార్, తలుపు కొట్టాక తెర నల్లగా ఉండిపోతుందిగా, నలభై సెకన్లు. మీకు చెప్పానుగా."

నిజం చెప్పాలి కదా? చెప్పలేదు. "ఆ... బాగుందమ్మా, అందరికీ నచ్చింది," అని ఫోను పెట్టేశాను. ఇంత వయసొచ్చి ఆ పిల్లకి అబద్ధం చెప్పాను.

ఖాళీ హాల్లో సినిమా చివరి భాగం వేసుకున్నాను. తలుపు చప్పుడు. చీకటి. చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోతుంటే రెండో చేత్తో పట్టుకున్నాను. చీకట్లోంచి గడియ తీసిన చప్పుడు వచ్చింది. తలుపు తెరుచుకుంది. అక్క. తడి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ కూతురిని చూసింది. చాలాసేపు చూసింది. "వచ్చావా?" అంది. ఆ తర్వాత తెర మీదికొచ్చిన పేర్లలో మొదటిది ఆవిడదే. ఎనిమిది ఆటల్లో ఎనిమిదిసార్లు ఆ తలుపు నేనే మూసేశాను. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

కిందికి ఎలా దిగానో తెలీదు. అక్క గ్లాసులు కడుగుతోంది.

"అక్కా, నిన్ను ఎడిటింగులో తీసెయ్యలేదు. నేనే ఆపేశాను."

"తెలుసు," అంది తలెత్తకుండా.

"తెలుసా?"

"శుక్రవారమే తెలుసు. తలుపు చప్పుడయ్యాక నా గొంతు ఎప్పుడొస్తుందా అని గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. గొంతు రాలేదు. నీ స్విచ్ టక్కుమంది. నీ స్విచ్ చప్పుడు నాకు తెలీదా?"

"మరి అడగలేదేం? మీ వాళ్లకైనా చెప్పలేదేం? నన్ను నాలుగు తిట్టొచ్చుగా!"

అక్క కుళాయి కట్టేసింది.

"ఏమని చెప్పను తమ్ముడూ? నువ్వు లోకంలో ఉన్న సినిమాలన్నీ చూసినవాడివి. నా సీను చూసి, మరీ బాగాలేదని, జనం నవ్వుతారని, నా పరువు కాపాడటానికి ఆపేశావనుకున్నా. నా మొహానికి సినిమాలేంటని నేనే సిగ్గుపడ్డా."

ఆవిడని అలాగే అనుకోనిస్తే పోలేదా అని ఒక్క క్షణం అనిపించింది. నేను అంత నీచుణ్ణి.

"అది కాదక్కా. నేను అసలు చూడలేదు. పేర్లు పడతాయనుకున్నా."

"చూడలేదా?" అంది. "ఒక్కసారి కూడా?"

మూడు రోజులుగా తన మొహం బాగాలేదని కుమిలిన మనిషికి, నీ మొహం నేను చూడనే లేదని చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం ఆట పూర్తిగా వేశాను. చీకట్లో ఎవడో, "ఆపరేటరూ, నిద్రపోయావా?" అని ఈల వేశాడు. తలుపు తెరుచుకోగానే ఆ ఈల ఆగిపోయింది. జనం లేచి నిలబడి పేర్లు చివరిదాకా చూశారు. బయటికొచ్చి అక్క చుట్టూ మూగారు, ఫోటోలు తీసుకున్నారు. అందులో ఆవిడ వాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లు శుక్రవారమే చూసేసి, నవ్వుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రే ఆ పిల్లకి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. సోమవారం పొద్దున్నే అక్క ఇంటికెళ్లి, ఆడపడుచు ముందూ మనవరాలి ముందూ నిలబడి తప్పు నాదని చెప్పి, అందర్నీ మళ్లీ రమ్మన్నాను. వస్తామన్నారు.

సినిమాని ఇంకో వారం ఉంచుతున్నట్టు ఆ మధ్యాహ్నం బోర్డు పెట్టారు. ఎప్పటిలాగే మ్యాట్నీ ముందు మెట్లు దిగి కొట్టు దగ్గర నిలబడ్డాను. అక్క నన్ను చూసింది. టీ పోసింది. గ్లాసు బల్ల మీద పెట్టి అటు తిరిగింది. వచ్చావా అనలేదు.