నాలుగో టెర్మినల్

మా కాలేజీకి కంప్యూటర్ వచ్చిన కొత్తలో, చెప్పులతో ఆ గదిలో అడుగు పెట్టినందుకు ఒక లెక్చరర్‌నే బయటికి పంపించారు. ఎనభైల మొదట్లో సంగతి ఇది. వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఆ గదికి ఆపరేటర్‌ని. అంతకుముందు అక్కడే ఆఫీసులో టైపిస్టుగా చేసేదాన్ని. మా నాన్న కొత్తవాడలో మగ్గం నేసేవాడు. మా ఇంట్లో ఉద్యోగానికి గడప దాటిన మొదటి ఆడపిల్లను నేనే. కొన్నాళ్ళు హైదరాబాద్‌లో శిక్షణ ఇప్పించి, గది నాకు అప్పజెప్పారు.

కంప్యూటర్ ఒక్కటే. దానికి నాలుగు టెర్మినళ్ళు తీగలతో తగిలించి ఉండేవి. టెర్మినల్ అంటే ఒక తెర, ఒక కీబోర్డు, అంతే. సొంత బుర్ర ఉండదు. నలుగురు నాలుగు చోట్ల కూర్చుని కొట్టినా లోపల పనిచేసేది ఆ ఒక్క యంత్రమే. మూడు టెర్మినళ్ళు మా గదిలో ఉండేవి. నాలుగోది గోడకు అవతల, ఇన్‌ఛార్జి సార్ గదిలో ఆయన బల్ల మీద ఉండేది. పెద్దమనుషులెవరైనా కాలేజీ చూడటానికి వస్తే ఆయన దాన్ని వెలిగించి చూపించేవారు. ఫైనలియర్ పిల్లలకు మాత్రం వారానికి రెండు గంటలు దొరికితే గొప్ప.

యంత్రంతో పాటు లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. దానికి ఏమేం కావాలో, అది ఎక్కడెక్కడ మొరాయిస్తుందో అంతా అందులో ఉంటుందని శిక్షణలో చెప్పారు. ఇన్‌ఛార్జి సార్ అందులో మొదటి పేజీ చదివి, తలుపు మీద ఒక బోర్డు రాయించారు. చెప్పులు విడవాలి, కిటికీలు తెరవకూడదు, ఏసీ లేకుండా యంత్రం నడపకూడదు. తర్వాత ఆ పుస్తకం ఆయన అద్దాల బీరువాలోకి పోయింది. మూడుసార్లు అడిగాను.

"నీకెందుకమ్మా అది? ఆన్ చేసుడు, ఆఫ్ చేసుడు వచ్చు కదా," అన్నారు మూడోసారి.

ఆయన పెట్టిన రూలు ఇంకొకటి ఉంది. పిల్లలు కొట్టినదాన్ని గంట చివర్లో ఒక్కసారే డిస్కులో భద్రపరచుకోవాలి. మాటిమాటికి చేస్తే డిస్కు అరిగిపోతుందట. అంటే యాభై నిమిషాలు కష్టపడ్డాక తెర ఆరిపోతే అంతా గంగలో కలిసినట్టే.

అలా మూడో టెర్మినల్ మీద ఆరిపోయేది. రోజూ కాదు. వారానికోసారి, రెండుసార్లు. కొడుతూ కొడుతూ ఉండగా తెర నల్లబడి, మళ్ళీ మొదట్నుంచి పేరడిగేది. రిజిస్టర్‌లో కారణం రాసే గడి ఒకటి ఉండేది. అందులో ఏం రాయాలో సారే చెప్పేవారు: "విద్యార్థి పొరపాటు." నేను రాసేదాన్ని. మొదటి ఏడాది ఒక అబ్బాయి ప్రాజెక్టు ఇలాగే రెండుసార్లు పోయి, నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "ఏదో నొక్కి ఉంటవు తమ్ముడూ, జర చూసుకొని కొట్టాలె," అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ మాట గుర్తొస్తే నామీద నాకే ఇప్పటికీ మండుతుంది.

రెండో ఏడాది మూడో టెర్మినల్ ఒక సివిల్ బ్రాంచి అమ్మాయికి వచ్చింది. కేసముద్రం దగ్గరి పల్లె. వాళ్ళ నాన్న మార్కెట్ యార్డుకు మిరపకాయ బస్తాలు తోలే రైతు. గాలివానకు యార్డులో గోదాం రేకులు లేచిపోవడం చిన్నప్పుడు చూసిందట. అందుకే రేకుల కప్పు ఎంత గాలికి తట్టుకుంటుందో లెక్క కట్టే ప్రోగ్రాం రాస్తానని పట్టుబట్టింది. హాస్టల్‌లో పెన్సిల్‌తో కాగితాల మీద రాసుకుని వచ్చి, ఇక్కడ ఒక్కో వరుసా కొట్టేది.

ఆమెది ఒకసారి పోయింది. రెండోసారీ పోయింది. మూడోసారి పోయినప్పుడు నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఆమె కాగితం చదువుకుంటోంది. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. తెర నల్లబడింది.

మా మాటలు విని సార్ తలుపు దగ్గరికి వచ్చారు. కాళ్ళకు బూట్లున్నాయి.

"మల్ల నువ్వేనా? మిషన్‌ది తప్పు కాదమ్మా, చేతులది. ఆడపిల్లలకు గీ ప్రాజెక్టులెందుకు? ఏదన్న అల్కటిది, సులువుది తీసుకోవద్దా?"

"నేనేం ముట్టలే సార్. నా చేతులు ఒళ్ళె ఉన్నయి," అంది ఆ పిల్ల.

"అయితే దయ్యం కొట్టిందా?" అన్నారాయన. లోపలి నుంచి ఎవరో నవ్వారు. ఆయన గదిలో అతిథులున్నారు. సార్ వెళ్ళిపోయారు. నేను రిజిస్టర్ తీశాను. రాయలేదు. అలాగని నోరు తెరిచి, ఆ పిల్ల చెప్పింది నిజమని సార్ మొహం మీద అననూ లేదు.

మర్నాటి నుంచి, తెర ఆరిపోయిన ప్రతిసారీ టైము ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. కరెంటు చూశాను, స్టెబిలైజర్ చూశాను. దేనికీ పొంతన కుదరలేదు. ఆ పొంతన కుదిర్చింది మా అటెండర్. యాభై దాటిన మనిషి, నేను కాకా అని పిలిచేదాన్ని. ఖాళీ కప్పులు పట్టుకుని పోతూ ఆగి అన్నాడు:

"బిడ్డా, ఒక మాట. నేను సారు రూముకు సుట్టాలకు చాయ్ తీస్కపోయిన దినమే మీ కాడ లొల్లయితాంది. సారు ఆ టీవీ పెట్టె ఎలిగిస్తడు, ఈడ మీది ఆరిపోతాంది. నేను సూస్తనే ఉన్న."

రెండు రోజుల తర్వాత సార్ మీటింగుకు వెళ్ళారు. ఆ అమ్మాయిని మూడో టెర్మినల్ దగ్గర కూర్చోబెట్టి, పనికిరాని వరుసలు నాలుగు కొట్టమన్నాను. మిగతా రెండింటి మీదా పిల్లలున్నారు. సార్ గదిలోకి వెళ్ళి నాలుగోదాని స్విచ్ వేసి, పేరు కొట్టాను.

"అక్కా! పోయింది!" గోడ అవతలి నుంచి కేక వినిపించింది.

ఆపాను. మళ్ళీ చేశాను. మళ్ళీ పోయింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

సార్ రాగానే చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒకే ఒక్క మాట: "నేను లేనప్పుడు నా రూములకు నిన్నెవరు పొమ్మన్నరు?"

ఆ నెలలోనే యంత్రాన్ని శుభ్రం చేయడానికి కంపెనీ ఇంజనీరు హైదరాబాద్ నుంచి వచ్చాడు. కాజీపేటలో రైలు దిగి, ఆటోలో నేరుగా కాలేజీకే వచ్చాడు. సంగతి చెబితే ఆశ్చర్యపోతాడనుకున్నాను. తల కూడా ఎత్తలేదు. తన సంచిలోంచి అదే పుస్తకం తీసి, చివర్లో ఒక పేజీ విప్పి నా ముందు పెట్టాడు.

"మీ మిషన్‌ల ఉన్న మెమరీ ముగ్గురికే సరిపోతదమ్మా. నాలుగోది నడవాలంటే ఇంకింత మెమరీ వెయ్యాలె. వెయ్యకుంట నాలుగోది ఆన్ చేస్తే మూడోదాని మీదున్నది పోతది. మాకు తెలిసిందే, అందుకే బుక్కుల అచ్చేసినం. పది నిమిషాలకోసారి సేవ్ చేసుకోమని గూడ రాసినం. మీకియ్యలేదా బుక్కు?"

"డిస్కు అరిగిపోతదని సార్ చేయనిస్తలేడు."

"అరుగుడేంది?" అన్నాడతను.

అతన్ని వెంటబెట్టుకుని సార్ గదికి వెళ్ళాను. ఆ పేజీ ఆయన ముందు చదివించాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కుర్చీలో వెనక్కి వాలారు.

"నాకు తెల్వదా? వచ్చినప్పుడే చదివిన. మెమరీ కోసం పైకి రాసిన. వచ్చేదాక సర్దుకోవాలె."

"తెలిసి ఆ పిల్లదే తప్పన్నరా సార్?"

"మరేమనాలె? మిషన్‌ల లోపమున్నదని చెప్తే ఊరంత చెప్పుకుంటరు. కాలేజీ ఇజ్జత్ ఏం గావాలె?"

తెలియక చేశారనుకున్నన్నాళ్ళూ ఆయన మీద నాకు చిరాకే ఉండేది. ఆ క్షణాన అసహ్యం వేసింది. పిల్లలు రాత్రింబవళ్ళు రాసుకొచ్చిన కాగితాలు, వాళ్ళ మార్కులు, వాళ్ళకు తమ మీద ఉన్న నమ్మకం, ఇవన్నీ కలిపినా ఈయన బల్ల మీది తెర పాటి చేయలేదన్నమాట.

ఇంజనీరు దగ్గర పుస్తకం తీసుకుని ఆ పేజీ మొత్తం తెలుగులో రాశాను. మా గది తలుపుకు అతికించాను. సాయంత్రానికి చింపేశారు. మర్నాడు ఇంకోటి అతికించాను. దాన్నీ చింపారు. మూడో కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. ఆ అమ్మాయి కూడా వస్తానని నా వెంట నడిచింది.

ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివారు. "నాలుగోదాని తీగ తీసెయ్యండి," అన్నారు. ఏడాదిన్నర పిల్లల గోడు ఆ ఒక్క మాటతో తీరిపోయింది. ఆ అమ్మాయికి ఇంకో పది గంటలు ఇచ్చారు. గోదాం కప్పు ప్రోగ్రాం పూర్తయింది. మంచి మార్కులే వచ్చాయి. ఆమెకు క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు మెమో వచ్చింది, పరిధి దాటానని. రిజిస్టర్‌లో రాసిన తప్పుడు కారణాలు కొట్టేస్తానంటే, ఆఫీసులో రాసింది రాసిందే అన్నారు.

తర్వాత రెండు మూడేళ్ళకు కాజీపేట స్టేషన్‌లో రిజర్వేషన్ కిటికీ ముందు లైన్‌లో నిలబడ్డాను. లోపల కూర్చున్నది ఆ మొదటి ఏడాది అబ్బాయి. నన్ను గుర్తుపట్టి, "మేడమ్, బాగున్నరా?" అన్నాడు. నా వెనక జనం తోసుకుంటున్నారు. అయినా ఆగి చెప్పాను. ఆ రోజు తప్పు నీది కాదు తమ్ముడూ, సార్ గదిలోని పెట్టెది, ఆయనకు ముందే తెలుసు, నేనూ నిన్నే అన్నాను, అని.

అతను నా ఫారం మీదే చూపు నిలిపాడు.

"నాకు చేతగాదనుకున్న మేడమ్. మల్ల కంప్యూటర్ జోలికే పోలే. మా బాపు అడిగితే గూడ గదే చెప్పిన."

వెనకనుంచి ఎవరో త్వరగా కానివ్వమని అరిచారు. అతను టికెట్ రాసిచ్చాడు.