తొమ్మిదో కుర్చీ

మా జిల్లా రవాణా బోర్డులో తొమ్మిది కుర్చీలు. ఐదు అధికారులవి. లారీల వాళ్లకొకటి, ఆటోల వాళ్లకొకటి, బస్సు డిపోకొకటి. మిగిలిన తొమ్మిదోది ప్రయాణికులది. ఐదుగురైనా రాకపోతే మీటింగ్ జరగకూడదని నిబంధన. ఆ బోర్డుకు గుమస్తాను నేను, దానయ్యను.

తొమ్మిదో కుర్చీ రెండేళ్లు ఖాళీగానే ఉంది. దానికోసం వచ్చిన పెద్దమనుషులంతా కార్లలో వచ్చారు. ఏడాది బస్సు పాసులు చూపించమంటే నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు హజ్రా బీ వచ్చింది. నకరికల్లు అవతల ఊరు. నరసరావుపేటలో చీరలకు ఫాల్స్ కుట్టే కొట్లో పని. పందొమ్మిదేళ్ల పాసులు రబ్బరు బ్యాండు వేసి బల్ల మీద పెట్టింది.

"మా ఏడు గంటల బస్సు తీసేశారన్నా. తొమ్మిదిన్నర బస్సుకొస్తే కొట్లో రోజూ లేటు. ఇంకో నెల చూసి వేరేదాన్ని పెట్టుకుంటానంటన్నాడు సేటు. ఎవుర్నడగాల?"

"బోర్డునడగాలమ్మా. నువ్వే బోర్డులో కూర్చో" అన్నాను. పాసులు చూసి పైవాళ్లూ సరేనన్నారు.

మొదటి మీటింగ్ పదింటికి. నలుగురు అధికారులు క్యాంపులకు పోయారు. డిపో మేనేజర్, లారీల ఆయన, ఆటోల ఆయన, అధ్యక్షురాలైన మేడం వచ్చారు. నలుగురే. ఐదో మనిషి హజ్రా బీ రావాలి.

పదిన్నర. పదకొండు. టీలు రెండుసార్లు అయ్యాయి. లారీల ఆయన ఆవలించాడు. "ఏందయ్యా ఈ ఎదురుచూపులు?" అని డిపో మేనేజర్ నా మీద విసుక్కున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ నవ్వు ఆపుకున్నాను.

పదకొండున్నరకు హజ్రా బీ చెమటలు కక్కుతూ వచ్చింది.

"ఎందుకింత లేటు?" అన్నారు మేడం.

"తొమ్మిదిన్నర బస్సు పదిన్నరకొచ్చింది మేడం. దానికి ముందు వేరే బస్సు లేదు." నలుగురి మొహాలూ చూసి పాపమనిపించిందేమో, నవ్వేసింది. "గంటన్నరకే ఇట్టా వాడిపోయారే! నేను బస్సు కోసం కూర్చునేకాడ ఫ్యాను గూడా ఉండదు."

మేడం డిపో మేనేజర్ వైపు తిరిగి చూశారు, అంతే. ఆయన తలొంచుకుని 'ఏడు గంటల బస్సు' అని కాగితం మీద రాసుకున్నాడు.

తర్వాతి మీటింగ్ రోజు నేను ఎనిమిదిన్నరకే తాళాలతో వెళ్లాను. మెట్ల మీద హజ్రా బీ కూర్చుని టిఫిన్ డబ్బా మూత పెడుతోంది.

"ఏంది దానయ్యన్నా, బోర్డు ఇంత లేటా?" అంది.

సిగ్గేసింది. దానికంటే ఎక్కువ సంతోషమేసింది.