పెడల్ మీద నీలం చుక్క

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను... డ్రమ్ములకుండే ఒక ఇనప పెడల్ గురించి ఎవరు చదువుతారు చెప్పండి. సరే, మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు, నాకు వేరే పనీ లేదు.

మా చిన్నప్పుడు... అంటే నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు. అరవై దాటినవాడికి ఇరవై ఆరు కూడా చిన్నతనమే, పేచీ పెట్టకండి. బందరులో కరీం భాయి గారి అద్దె సామాన్ల కొట్టులో ఒక సోమవారం పొద్దున స్టూలేసుకుని కూర్చుని, బాస్ డ్రమ్ పెడల్ మీద కాలు పెట్టాను. అది తిరిగి నా కాలినే తన్నింది.

తెలియనివాళ్ళకు ఒక మాట. ఆ పెద్ద డ్రమ్మును చేత్తో కొట్టరు. కింద పెడల్ తొక్కితే పైనున్న సుత్తి వెళ్ళి డ్రమ్మును కొడుతుంది, పక్కనున్న స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. స్ప్రింగు ఎంత బిగువుండాలన్నది తొక్కే కాలిని బట్టి. నాకు వదులుగా ఉండాలి. ఎవరో దాన్ని బిర్రుగా బిగించేశారు.

భాయిని అడిగితే, శని ఆదివారాలు ఆ సెట్టు నాగాయలంక అవతల ఒక చర్చికి వెళ్తుందనీ, అక్కడ వాయించే ఆయనా వారం వారం ఇదే గొడవ పెడుతున్నాడనీ చెప్పారు. "మీ ఇద్దరి కాళ్ళ మధ్యా నా పెడల్ నలిగిపోతోందండీ" అన్నారు.

నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణి, మిగతా ఐదు రోజులూ ఆ సెట్టు అద్దె మాదే. గుడివాడ, మొవ్వ, నందివాడ... పాడేవాళ్ళు ముందు, నేను అందరికంటే వెనక. అందులోనూ కాలు డ్రమ్ము చాటున. ఉండేది అద్దె గది, తినేది మెస్సు. నాన్న పోయాక నాతో రోజూ మాట్లాడేవాళ్ళంటూ లేరు. మెస్సులో ఇంకాస్త సాంబారు వెయ్యనా అనడాన్ని కూడా మాటల్లో కలుపుకుంటే, ఒకరు ఉన్నట్టే.

ఆ సాయంత్రం ఫ్యాన్సీ కొట్టుకెళ్ళి ఎర్ర గోళ్ళరంగు కొన్నాను. కొట్టాయన ఇంట్లోవాళ్ళకా అనడిగాడు. అవునన్నాను. పెడల్‌కని చెబితే ఇంకో పది ప్రశ్నలు. స్ప్రింగు బిగించే నట్టు నాకు ఎక్కడ ఆగాలో, సరిగ్గా అక్కడ మర మీద ఒక చుక్క పెట్టాను.

తర్వాతి సోమవారం చూస్తే నా చుక్కకు కాస్త పైన ఒక నీలం చుక్క. పడవలకు వేసే రంగు. నట్టు మాత్రం నా ఎర్ర చుక్క దగ్గరే ఉంది... తన బిగువులో వాయించుకుని, మళ్ళీ నాకు సరిపడేలా తిప్పి పంపాడన్నమాట.

ఆ శనివారం నేను నట్టును నీలం చుక్క దగ్గరకు తిప్పి ఇచ్చాను.

అలా రెండేళ్ళు. ఈలోగా స్ప్రింగుల ఆయుష్షు గురించి కూడా చెప్పాలి. బందరు ఉప్పుగాలికి తలుపు గడియలే తుప్పట్టి ఊడిపోతాయి, స్ప్రింగెంత. విరిగితే సైకిల్ స్టాండు స్ప్రింగు వేసేవాళ్ళం. అది మొదటి నెల గాడిదలా తంతుంది, రెండో నెల పలకదు. ఆముదం రాయమని భాయి సలహా. రాశాను... ఊళ్ళో దుమ్మంతా దానికే అంటుకుంది.

ఒకసారి పెడల్ తోలు పట్టీ తెగేలా ఉంటే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో కొత్తది వేయించాను. ఆ సోమవారం సుత్తికి కొత్త ఉన్ని చుట్టి వచ్చింది. వలలకు వాడే నైలాన్ దారంతో వరసగా ముడులు. గదికి తెచ్చుకుని ఆ ముడులు చాలాసేపు చూశాను. నా కోసం ఒక మనిషి కూర్చుని ముడులు వెయ్యడం... సరే, వదిలేయండి.

ఆయన్ని చూడాలనిపించింది. చూసి, ఆ ఎర్ర చుక్క నాదేనని చెప్పాలి. అంతే పని. ఒక ఆదివారం నాగాయలంక బస్సెక్కాను. చల్లపల్లి దాకా నిలబడే ఉన్నాను. దారిపొడుగునా ఆ ఒక్క మాటనే రకరకాలుగా అనుకుంటూ వెళ్ళాను.

వెళ్ళేసరికి ఆరాధన అయిపోయింది. చర్చిలో ఒక్కాయనే ఉన్నాడు. తెల్ల చొక్కా, నాకంటే పదేళ్ళు పెద్ద. పెడల్ ఒళ్ళో పెట్టుకుని నట్టు తిప్పుతున్నాడు. ఏం చేస్తున్నారండీ అనడిగాను.

"బందర్లో ఇంకొకాయన వాయిస్తారండీ దీన్ని. ఆయన కాలికి సరిచేస్తున్నాను."

ఆయన్ని ఎప్పుడైనా చూశారా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చూసి ఏం మాట్లాడతామండీ. ఆయన కాలు నాకు తెలుసు... ఎడంపక్కకి ఒరిగి తొక్కుతారు, పట్టీ అటే అరుగుతుంది. అంతకంటే ఏం కావాలి. ఇంతకీ మీదే ఊరండీ?"

మాట నోటిదాకా వచ్చింది. బయట నుంచి ఆయన భార్య కాబోలు, అన్నం చల్లారిపోతోందని పిలుస్తోంది. నేను చెప్పేస్తే ఆయన ఆదరంగా అన్నం పెడతాడు. గంటలో ఇద్దరికీ మాటలైపోతాయి. సోమవారం నుంచి అది మామూలు పెడల్ అయిపోతుంది... నాకు ఉన్నది అదొక్కటే.

"రొయ్యల చెరువు చూడ్డానికొచ్చానండీ" అన్నాను.

భోంచేసి వెళ్ళమన్నాడు. బస్సుకు టైమైందని వచ్చేశాను.

మరుసటేడు ఆ చర్చికి రిథమ్ ప్యాడ్లు వచ్చాయి, తర్వాత మా ఆర్కెస్ట్రాకూ వచ్చాయి. వేలితో తడితే పెద్ద డ్రమ్ము మోగుతుంది. స్ప్రింగు లేదు, తుప్పు లేదు, ఒకరు వాడుకుని ఇంకొకరి కోసం సర్ది పెట్టే పనే లేదు. మొహం చూడకుండా మీకు బాగా తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి... చదువుతాను, ఎలాగూ ఖాళీయే.

ఆ ఆదివారం తిరుగు బస్సులో పక్క సీటాయన ఎక్కడిదాకా అనడిగాడు. బందరు అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని నిద్రపోయాడు. చల్లపల్లిలో దిగిపోయాడు. నేను కిటికీ పక్కకు జరిగాను.