అవ్వ ముట్టని రొట్టె

నా చిన్నప్పుడు మా అవ్వ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక మనిషి నాశనం కావాలని ప్రార్థన చేశాను. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆ మనిషి అందుకు తగినవాడే.

దేశనూరులో మా మడి పిల్లకాలువ చివరన ఉండేది. పైమడి ఆసామి మా వంతు రోజున కూడా కాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లు తన మడికే తిప్పుకునేవాడు. అడిగితే నవ్వేవాడు. ఆ ఏడు పొట్ట మీదున్న వరి కళ్ల ముందే ఎండిపోతుంటే, మా నాన్న అతని గడ్డివామికి నిప్పు పెడతానని కిరసనాయిలు డబ్బా తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. అవ్వ ఆపింది. దయతో కాదు. మనిషి చేసేది చాలదు, దేవుడే చేయాలని ఆమె పంతం. శుక్రవారం ఉపవాసం ఉండి, అతని మడి బీడు పడాలనీ, అతని ఇంట్లో పొయ్యి వెలగకూడదనీ పేరు పెట్టి అడిగింది. నేను గట్టిగా ఆమేన్ అన్నాను. ఆ రోజంతా కడుపు చల్లగా ఉంది.

ఆదివారం చర్చిలో ప్రభు భోజనం, యేసు పేరున అందరం రొట్టె పంచుకుని తినే ఆరాధన. ఆ మనిషిదీ మా చర్చే. మగవాళ్ల చాప మీద ముందు వరుసలో కూర్చుని, రొట్టె ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పళ్లెం ఆడవాళ్ల వైపు వచ్చింది. అవ్వ చెయ్యి చాచింది. చాచిన చెయ్యి సగంలోనే ఆగిపోయింది. కొంగు ముఖం మీదికి లాక్కుని, పళ్లేన్ని పక్కింటి అక్కకు అందించేసింది. మా చర్చిలో పళ్లెం వదిలేయడమంటే, కడుపులో పగ పెట్టుకున్నానని ఊరందరికీ చెప్పుకున్నట్టే. అందరూ మా వైపే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బయట చెప్పులు వేసుకుంటూ అడిగాను. "వాడు తిన్యాడు కదవ్వా, నువ్వెందుకు తినలేదు?"

"వానికి భయం లేదు, తిన్యాడు. నాకుండాది పాపా. జీతగానికి చెప్పినట్ల దేవునికి పని చెప్పినా. రొట్టెకు చెయ్యి చాపితే తెలిసొచ్చింది, ఎవురి ముందర కూచున్యానో."

అవ్వ ఇంటికి రాలేదు. ఆ ఎండలోనే నేరుగా ఆ మనిషి గడపకు నడిచింది. నేను వెంటపడ్డాను. అతను అన్నం తింటున్నాడు.

"ఏమప్పా, నీ పైరు మాడిపోవాలని మోకరించినా. ఆ మాట వాపసు తీసుకుంటాండా. నీకు భయపడి కాదు, నీ మింద ప్రేమా కాదు. ఆయనకు భయపడి. నువ్వు చేసింది నువ్వే ఆయనకు చెప్పుకో."

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అది చూసి నేను లోపల సంబరపడ్డాను. అతను మారాడని మాత్రం చెప్పలేను, ఆ పంటా మాకు దక్కలేదు. కానీ అవ్వ అన్న మాట నా నోట విన్నాక మా నాన్న ఆ డబ్బాను ముట్టుకోలేదు. మరుసటి నెల ప్రభు భోజనంలో అవ్వ రెండు చేతులా రొట్టె తీసుకుని ఏడ్చింది.

ఆ మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అతని కొడుకు అదే కాలువకు అడ్డుకట్ట వేస్తున్నాడని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పినప్పుడల్లా పళ్లు కొరుకుతాను. ఊరికి దూరంగా ఈ గాంధీనగర్ ఇంట్లో మంచం పక్కన మోకరిస్తాను. శాపం నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు నాకు భయం వేస్తుంది, నోరు మూసుకుంటాను. అలా నోరు మూసుకుని కూర్చున్నప్పుడే దేవుడు నాకు దగ్గరయ్యాడు. ఆ కొడుకును క్షమించడం మాత్రం నాకింకా చేతకాలేదు. చేతకాలేదని ఆయనకే చెప్పుకుని లేస్తాను.